ప్రధానోపాధ్యాయురాలి లేఖ: ఆ డబ్బాలో జరిగింది ఇదీ

తల్లిదండ్రులకు నమస్కారం.

గురువారం మన ల్యాబ్‌లో బాంబు పేలలేదు. వాట్సాప్ గ్రూపుల్లో రాత్రి పదకొండు దాకా ఏ కథ నడిచిందో గానీ, జరిగింది ఇంతే. తొమ్మిదో తరగతి అబ్బాయి ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాలో బ్లూటూత్ స్పీకర్ చేశాడు. మూత స్క్రూ బిగిస్తుంటే పొగ వచ్చింది. సైన్స్ సార్ పట్టకారుతో డబ్బాను పట్టుకెళ్లి ఇసుక బకెట్‌లో పెట్టారు. ఎవరికీ ఏమీ కాలేదు.

మర్నాడు పిల్లల ముందే మూత విప్పాం. నాలుగు వేళ్లంత వైరు చాలే చోట జానెడు వైరు ఉంది. ‘ఎందుకైనా మంచిది’ అని మిగిలింది చుట్టి కుక్కాడు. ఆ చుట్ట స్క్రూ కింద పడింది. ఇనుప మర తొడుగులు కోసి ఎర్ర వైరును నల్ల వైరుతో కలిపేసింది. సెల్ పాత లాప్‌టాప్ బ్యాటరీలోంచి తీసిందట. వైర్లు ఇలా కలిసి షార్ట్ అయితే కరెంటు ఆపేసే రక్షణ సర్క్యూట్ ఆ బ్యాటరీ ప్యాక్ బోర్డులోనే ఉండిపోతుంది, విడి సెల్‌తో రాదు. సెల్ ఎక్కడిదని మేం అడగలేదు, తప్పు మాది. ఇకపై రక్షణ సర్క్యూట్, ఫ్యూజు లేని సెల్ ల్యాబ్‌లోకి రాదు.

ల్యాబ్ మూసేయమని ముగ్గురు ఫోన్ చేశారు. మూయను. పుస్తకంలో గీసిన సర్క్యూట్‌లో వైరుకు మందం ఉండదు, మలుపుకు చోటక్కర్లేదు. డబ్బాలో సర్దినప్పుడే అసలు లెక్క బయటపడుతుంది. బతుకమ్మ పేర్చే ఇళ్లు మనవి. గుమ్మడాకుల మీద మొదటి వరుస కుదరకపోతే పైవరుసలు ఏమవుతాయో మీకు నేను చెప్పాలా? కాజీపేట దారిలో 1959 నాటి ఎన్‌ఐటీ గేటు చూపించి మా బిడ్డ ఇక్కడ చదవాలంటారు. అదే బిడ్డ ఇంట్లో స్క్రూడ్రైవర్ ముట్టుకుంటే చెయ్యి తియ్యమంటారు!

ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె తన డబ్బాను గ్రాఫ్ కాగితం మీద అసలు సైజులో గీసి, అట్టముక్కలు కత్తిరించి అన్నీ ముందే పరిచి చూసుకుంది. సెల్ పొడవు 65 మిల్లీమీటర్లు, డబ్బా లోపల 70. ‘పడుతుంది కదమ్మా’ అన్నాను. ‘సెల్ పడుతుంది మేడం, వైరు మలుపు తిరగొద్దా?’ అంది. నోరు మూసుకున్నాను. పెద్ద డబ్బా తెచ్చుకుంది. ఛార్జింగ్ పిన్ను లాగినప్పుడల్లా సోల్డరింగ్ ఊడకుండా ఛార్జింగ్ బోర్డును డబ్బా గోడకు బిగించింది. మూత పెట్టాక అంచు చుట్టూ కాగితం ముక్క జరిపి, ఎక్కడా వైరు ఇరుక్కోలేదని చూసుకుని అప్పుడు స్క్రూ బిగించింది. ఇంజనీరింగ్ చదివిన మా అబ్బాయికి ఈ ఓపిక లేదు.

ఇక ఇంటి సంగతి. ఇంట్లో కరెంటు వాడకం గురించి రాయమంటే, హీటరు వైర్లు ప్లగ్గు లేకుండా సాకెట్‌లో దూర్చి అగ్గిపుల్లలు బిగిస్తామని చాలామంది పిల్లలు రాశారు. పొద్దున తొందర నాకూ తెలుసు. దయచేసి ఒక ప్లగ్గు కొనండి. అలాగే రెడీమేడ్ ప్రాజెక్టు కొని ‘మా బాబే చేశాడు’ అని పంపేవారు, ధర స్టిక్కరైనా పీకి పంపితే మాకూ మర్యాదగా ఉంటుంది.

ఎఫ్‌ఏ-2 పరీక్ష మార్కులు శుక్రవారం, ఫీజు నెలాఖరులోగా, కాజీపేట బస్సు సోమవారం నుంచి పది నిమిషాలు ముందు.

శనివారం మధ్యాహ్నం 2 గంటలకు ల్యాబ్ తెరిచే ఉంటుంది. పొగ వచ్చిన అబ్బాయి కొత్త సెల్‌తో స్పీకర్ మళ్లీ బిగిస్తాడు, వచ్చి చూడండి. మొదటి పాట మాత్రం వాళ్ల అమ్మమ్మ ముందే చెప్పిపెట్టుకుంది.

మీ
ప్రధానోపాధ్యాయురాలు, హనుమకొండ