ఊళ్లో ఇద్దరు సూర్యులు లేరు

విశాఖపట్నం

చిరంజీవి అమ్ములుకు ఆశీస్సులు.

నువ్వు పంపిన బొమ్మ చూశాను. దసరా సెలవుల్లో కైలాసగిరి మీద పొద్దున్నే తీసిన ఫోటో చూసి వేశావు కదా. ఓపికకు మెచ్చుకున్నాను. ప్రతి మేడకూ కిటికీలు లెక్కపెట్టి మరీ గీశావు. అన్ని కిటికీల మధ్య ఊరు మాత్రం కనబడలేదు.

ఫోటో ముందు పెట్టుకుని కళ్లు సగం మూసి చూడు. వెలుగు పడిన గోడలు, నీడలో ఉన్న గోడలు, మధ్య మధ్య చెట్ల గుబుర్లు, అంతే మిగులుతాయి. ముందు వాటినే పలుచని రంగుతో పరుచు. కొండ మీద దక్షిణంగా తిరిగి నిలబడితే సముద్రం ఎడమ చేతి వైపు, పొద్దుటి ఎండా అటునుంచే. కాబట్టి మేడల ఎడమ గోడలు మెరవాలి, నీకు ఎదురుగా ఉన్నవి నీడలో ఉండాలి. నీ బొమ్మలో కొన్ని నీడలు అటూ కొన్ని ఇటూ పడ్డాయి. ఊళ్లో ఇద్దరు సూర్యులు లేరు తల్లీ!

సముద్రం, ఆకాశం కలిసే గీత ఎంత ఎత్తెక్కినా నీ కంటి ఎత్తులోనే ఉంటుంది. కింద ఉన్న కప్పుల అంచులు దూరం పోయేకొద్దీ ఆ గీత వైపు పైకి లేస్తాయి. నువ్వు కిందికి వంచావు, అందుకే మేడలు జారిపోతున్నట్టున్నాయి.

దూరాన యారాడ కొండకు దగ్గరి చెట్ల పచ్చదనమే పూశావు. మధ్యనున్న గాలి, తేమ దాన్ని నీలం చేస్తాయి. ముదురు నీలం అల్ట్రామెరైన్‌లో కాస్త బర్న్‌ట్ సియెన్నా, అదే ఎర్ర మట్టి రంగు, కలిపితే సరైన బూడిద నీలం వస్తుంది. దగ్గరి చెట్లకు కూడా గొట్టంలోని ఆకుపచ్చ తిన్నగా వాడకు. 2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక ఈ కొండలన్నీ ఆకు రాలి ఎలా మోడువారాయో చూసినదాన్ని, మళ్లీ వచ్చిన పచ్చదనాన్ని ఒకే రంగుతో సరిపెట్టడం నాకు నచ్చదు.

డాబాల మీద నల్లటి నీళ్ల ట్యాంకులు తీసేయమని మీ నాన్నగారి సలహా, అందం చెడుతుందట. తీసేయకు. అవి లేకపోతే అది మన ఊరే కాదు.

సంక్రాంతికి వచ్చినప్పుడు పాత పోస్టాఫీసు వైపు వెళ్దాం. చర్చి, గుడి, దర్గా ఉన్న మూడు కొండలూ అక్కడ పక్కపక్కనే, కింద పెంకుటిళ్లు. వస్తూ 300 జీఎస్ఎమ్ దళసరి కాగితం కొనుక్కురా. నా దగ్గరున్నది పలుచన, తడి తగిలితే ముడుచుకుపోతుంది.

మీ అమ్మ