విదేశీ జంతువుల అమ్మకాలకు కళ్లెం వేయాలి

విదేశీ పక్షులు, తాబేళ్లు, ఎలుకజాతి జంతువులను ఏ ఆరోగ్య పరీక్షా లేకుండా ఎవరు పడితే వాళ్లు అమ్మేస్తుండటం మనుషుల ప్రాణాల మీదికి తెచ్చే పని. ఈమధ్య ఒక పెట్ షాపులో చూశాను, పైన చిలకల పంజరం, కింద తాబేళ్ల తొట్టి, పక్కనే హామ్‌స్టర్లు, పై రెట్టంతా కింది నీళ్లలో పడుతోంది, ఒక చిలక ఈకలు ఉబ్బించుకుని కళ్లు మూసుకుని మూలన కూర్చుంది, అయినా దాన్ని వేరుగా పెట్టాలన్న ధ్యాస ఎవరికీ లేదు. ఎక్కడి నుంచి తెచ్చారని అడిగితే చూపించడానికి ఒక్క కాగితం లేదు. 2003లో అమెరికాలో ఇలాగే ఘనా నుంచి తెచ్చిన ఎలుకజాతి జంతువులను ప్రెయిరీ డాగ్‌ల (పేరులో డాగ్ ఉన్నా ఇవి ఉడతజాతి జంతువులు) దగ్గర ఉంచితే వాటికి మంకీపాక్స్ అంటుకుంది, వాటి నుంచి పిల్లలతో సహా పదుల మందికి సోకింది. చిలకల ఎండు రెట్ట దుమ్ము పీలిస్తే సిట్టకోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు రావొచ్చు. చూడ్డానికి శుభ్రంగా ఉన్న తాబేలు కూడా విరేచనాలు, జ్వరం తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియాను మోస్తుండొచ్చు, పిల్లలేమో దాన్ని నోట్లో పెట్టుకుంటారు. అందుకే 4 అంగుళాల లోపు తాబేళ్ల అమ్మకాన్ని అమెరికా 1975లోనే ఆపేసింది. మొత్తంగా నిషేధిస్తే దొంగచాటు వ్యాపారం పెరుగుతుందేమో అని నా భయం, కాబట్టి లైసెన్స్ తప్పనిసరి చేసి, వచ్చిన ప్రతి జంతువునూ కొన్నాళ్లు క్వారంటైన్‌లో ఉంచి, పశువైద్యుడి సర్టిఫికెట్, ఎక్కడి నుంచి వచ్చిందో రికార్డు ఉంటేనే అమ్మనివ్వాలి, ఆన్‌లైన్ అమ్మకాలకూ ఇదే రూల్ పెట్టాలి.