మనోభావాల కొలబద్ద ఎవరి చేతిలో?

సంపాదకుల వారికి,

నమస్కారం. గత ఆదివారం మీ పత్రికలో వచ్చిన వ్యాసం, దానికి జవాబుగా బుధవారం అచ్చయిన లేఖ రెండూ చదివాను. మతాన్ని కించపరిచేవాళ్లకు ఇంకా కఠినమైన శిక్షలు ఉండాలని వ్యాసకర్త అన్నారు. లేఖ రాసినాయన నాలాగే నాస్తికుడు. ఆయన ఏకంగా బహిరంగ వేదికల మీద మతప్రచారమే నిషేధించాలన్నారు. చూడటానికి ఇద్దరూ ఉప్పూ నిప్పూ గానీ, అడిగింది ఒకటే: తమకు నచ్చని నోరు పోలీసులు మూయించాలి. మొదటాయన లాంటివాళ్లతో వాదించడం నాకు అలవాటే, మా ఇంట్లో దేవుణ్ణి నమ్మనిదాన్ని నేనొక్కదాన్నే. రెండో ఆయనతో పేచీ పెట్టుకోవడమే ఇబ్బందిగా ఉంది. అయినా తప్పదు.

ముందు వ్యాసం సంగతి. "మనోభావాలు దెబ్బతిన్నాయి" అన్న మాట అందులో ఏడుసార్లు వచ్చింది, లెక్కపెట్టాను. ఒంటికి దెబ్బ తగిలితే డాక్టరు చూసి సర్టిఫికెట్ ఇస్తాడు. మనోభావానికి తగిలిన దెబ్బకు సాక్ష్యం ఏమిటి? కోపం ఒక్కటే. ఎంతమంది రోడ్డెక్కారు, ఎన్ని అద్దాలు పగిలాయి అన్నదే కొలత. విన్న మాటకు బాధపడి, తలుపేసుకుని ఊరుకున్న భక్తుడి మనోభావం ఈ లెక్కలోకి రాదు. రాయి పట్టుకున్నవాడిదే పెద్ద భక్తి అవుతుంది. గొడవ చేస్తేనే కేసు నిలబడుతుందని తెలిశాక గొడవలు తగ్గుతాయని ఎలా అనుకుంటాం?

ఆ బాధ అబద్ధమని నేననను. ఒకసారి నేనన్న మాటకు మా అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. వాదనలో నేను నెగ్గానేమో గానీ ఆ రెండు రోజులూ నాకు అన్నం సయించలేదు. మూడో రోజు వెళ్లి పక్కన కూర్చున్నాను. అన్న మాట వెనక్కి తీసుకోలేదు, అన్న తీరుకు మాత్రం క్షమించమన్నాను. మనుషుల మధ్య ఇలాంటివి ఇలాగే తెములుతాయి. సెక్షన్లతో తెమలవు.

సెక్షన్లతో ఏమవుతుందో చరిత్రలో ఉంది. 1697 జనవరిలో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో థామస్ ఐకెన్‌హెడ్ అనే 20 ఏళ్ల విద్యార్థిని దైవదూషణ నేరం కింద ఉరితీశారు. అతనేమీ గుంపులను రెచ్చగొట్టలేదు. తోటి విద్యార్థులతో కబుర్లలో మతగ్రంథాన్ని ఎగతాళి చేశాడు, వాళ్లే సాక్ష్యం చెప్పారు. తప్పయిందని వేడుకున్నా ప్రాణం దక్కలేదు.

అదంతా పాత కాలం అంటారేమో. మతమనోభావాలను గాయపరచడాన్ని శిక్షించే మన 295ఏ సెక్షన్ కథ చూడండి. ఒక కరపత్రం ప్రచురించినాయన లాహోర్ హైకోర్టులో నిర్దోషిగా బయటపడ్డాక, 1927లో బ్రిటిష్ ప్రభుత్వం ఈ సెక్షన్‌ను శిక్షాస్మృతిలో చేర్చింది. నిజాయితీగా మతాన్ని విమర్శించేవాళ్లకూ చరిత్ర రాసేవాళ్లకూ రక్షణ ఉండాలని అప్పటి సభలో జిన్నా గట్టిగానే చెప్పారు. అందుకే అందులో "ఉద్దేశపూర్వకంగా, ద్వేషబుద్ధితో" అన్న షరతు ఉంది. 1957లో మన సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను నిలబెట్టింది కూడా ఆ షరతును చూసే. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 299గా కొనసాగుతోంది. దేశ విభజనతో అదే సెక్షన్ పాకిస్తాన్‌కూ వెళ్లింది. వాళ్లు దాని పక్కన ఒక్కొక్కటే చేర్చుకుంటూ పోయి, 1986లో మరణశిక్ష వేయగల 295సీ దగ్గరికి చేరారు. ఆ చట్టాన్ని మార్చాలన్నందుకు అక్కడి పంజాబ్ గవర్నర్ సల్మాన్ తాసీర్‌ను 2011లో సొంత అంగరక్షకుడే కాల్చి చంపాడు. 2017లో మర్దాన్‌లో మషాల్ ఖాన్ అనే విద్యార్థిని యూనివర్సిటీ ఆవరణలోనే గుంపు కొట్టి చంపింది. దైవదూషణ చేశాడన్న పుకారు చాలింది. కఠిన శిక్షలు ఉంటే జనం చట్టాన్ని చేతిలోకి తీసుకోరని వ్యాసకర్త రాశారు. మరణశిక్ష కంటే కఠినమైనది ఇంకేముంది?

చట్టం అసలే వద్దా అంటే, అలా అనను. 1859లో ఇంగ్లీషు తత్వవేత్త జాన్ స్టువర్ట్ మిల్ చెప్పిన ఉదాహరణ ఇప్పటికీ పనికొస్తుంది. ధాన్యం వర్తకులు పేదల కడుపు కొడుతున్నారని పత్రికలో రాస్తే ఎవరూ అడ్డు చెప్పకూడదు. అదే మాట వర్తకుడి ఇంటిముందు ఆవేశంతో గుమిగూడిన జనానికి చెబితే శిక్షించవచ్చు. మాట అదే, చోటు మారింది, జరగబోయేది మారింది. నా మట్టుకు నేను ఇలా చూస్తాను: "మీ దేవుడు లేడు" అనడం అభిప్రాయం, ఆ దేవుణ్ణి కొలిచేవాళ్లకు ఇళ్లు అద్దెకివ్వొద్దని పిలుపునివ్వడం మనుషుల మీద దాడి. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ 2011లో ఇంచుమించు ఇదే చెప్పింది. మతవిద్వేషంతో వివక్షకూ హింసకూ పురికొల్పడాన్ని నిషేధించాలి గానీ, మతసిద్ధాంతాల మీద విమర్శను శిక్షించకూడదంది. ఈ గీత అన్నిచోట్లా స్పష్టంగా ఉండదు, ఒప్పుకుంటాను. సిద్ధాంతాన్ని తిడుతున్నట్టు నటిస్తూ, ఆ సిద్ధాంతం గల పొరుగువాణ్ణి ఊరి నుంచి వెళ్లగొట్టాలనుకునేవాళ్లు ఉన్నారు, వాళ్లలో నాస్తికులమని చెప్పుకునేవాళ్లూ ఉన్నారు. డెన్మార్క్ 2017లో దైవదూషణ చట్టాన్ని రద్దు చేసింది. మళ్లీ 2023లో, ఖురాన్ దహనాల గొడవల తర్వాత, మతగ్రంథాలను బహిరంగంగా అవమానించడాన్ని నేరం చేసింది. ఆ వెనకడుగు నాకు నచ్చలేదు. అలాగని పుస్తకం తగలబెట్టేవాడి మీద నాకు గౌరవమూ లేదు. పుస్తకంతో వాదించడం చేతకానివాడికే అగ్గిపెట్టెతో పని.

ఇక బుధవారం లేఖ. ఆయనకు చార్లెస్ బ్రాడ్లాను గుర్తుచేస్తాను. 1880లో నార్తాంప్టన్ ఓటర్లు బ్రిటన్ పార్లమెంటుకు గెలిపించిన నాస్తికుడు. దేవుడి పేరు లేకుండా ప్రమాణం చేస్తానంటే సభ ఒప్పుకోలేదు. సరే, మామూలు ప్రమాణమే చేస్తానన్నా, నాస్తికుడి ప్రమాణం చెల్లదంది. ఉపఎన్నికల్లో మళ్లీ మళ్లీ గెలిచినా, సభలో కుదురుగా కూర్చోవడానికి 1886 దాకా పట్టింది. 1888లో ఆయన చొరవతోనే దేవుడి ఊసు లేని ప్రమాణానికి చట్టం వచ్చింది. 1891లో ఆయన అంత్యక్రియలకు వెళ్లినవాళ్లలో లండన్‌లో చదువుకుంటున్న మోహన్‌దాస్ గాంధీ ఒకరు. (మన దగ్గర దైవసాక్షి వద్దనుకున్నవాళ్లు ఆత్మసాక్షిగా ప్రమాణం చేస్తున్నామంటారు. ఆత్మను కూడా నమ్మని నాబోటివాళ్ల గతేమిటో ఎవరూ ఆలోచించినట్టు లేదు!)

ఈ కథలో నాకు బాగా నచ్చిన మనిషి బ్రాడ్లా కాదు, అప్పటి ప్రధాని గ్లాడ్‌స్టన్. పరమ భక్తుడు. బ్రాడ్లా అభిప్రాయాలంటే ఆయనకు గిట్టదు. అయినా 1883లో నాస్తికుల ప్రమాణం కోసం బిల్లు తెచ్చి, సభలో దాని తరఫున వాదించారు. మూడు ఓట్ల తేడాతో ఓడిపోయారు. మా హక్కు కోసం ఒక భక్తుడు అంత దూరం వచ్చినప్పుడు, భక్తుల హక్కు కోసం మేం నాలుగడుగులు వేయలేమా?

మతం మాట్లాడటం వేరు, ఏలడం వేరు. బ్రిటన్ ఎగువసభలో 26 మంది బిషప్పులకు కేవలం బిషప్పులైనందుకు సీట్లు ఉండటం ఏలడం. దాన్ని వ్యతిరేకిస్తాను. ఒక మతగురువు వేదికెక్కి జనాన్ని తన వైపు తిప్పుకోవడం మాట్లాడటం. దాన్ని ఆపితే 1963లో వాషింగ్టన్‌లో మార్టిన్ లూథర్ కింగ్‌నూ ఆపాల్సి వచ్చేది. ఆయన బాప్టిస్టు పాస్టరు, ఆయన మాటల్లో సగం బలం బైబిల్‌దే. అదే బైబిల్ చూపించి బానిసత్వాన్ని సమర్థించినవాళ్లూ ఉన్నారు. నాకు కావలసింది ఒకటే. చట్టం చేసేటప్పుడు "మా గ్రంథంలో ఉంది" అన్న కారణం చాలదు, ఆ గ్రంథాన్ని నమ్మనివాళ్లు కూడా తూచి చూడగలిగే కారణం చెప్పాలి. ఏ కారణంతో ఆ నిర్ణయానికి వచ్చారో, ఇంట్లో ఏం చదువుకుంటారో అది వాళ్ల ఇష్టం.

నిషేధం సంగతి చూసినవాళ్లున్నారు. సోవియట్ ప్రభుత్వం 1931లో మాస్కోలోని క్రీస్తు రక్షకుడి కెథడ్రల్ అనే పెద్ద చర్చిని పేల్చేసింది. 1990లలో అదే చోట మళ్లీ కట్టారు. అల్బేనియా 1967లో మసీదులూ చర్చిలూ అన్నీ మూసేసి, తనది ప్రపంచంలో తొలి నాస్తిక దేశమని చాటుకుంది. ఇరవై ఏళ్లకు పైగా అలాగే నడిపింది. 1990 నవంబరులో అక్కడి ష్కోదర్ పట్టణ శ్మశానంలో బహిరంగ ప్రార్థన జరిగితే జనం పోటెత్తారు. ఆ ఇరవై ఏళ్లలో అక్కడ ఒప్పించి మార్చిన భక్తుడు ఒక్కడైనా ఉన్నాడా అని నాకు అనుమానం. ఒప్పించే పని పోలీసులకు అప్పగించాక వాదించడం మనమే మర్చిపోతాం.

చివరగా మీ పత్రికకే ఒక విన్నపం. ఎవరి మీదైనా ఇలాంటి కేసు పెట్టినప్పుడు "వివాదాస్పద వ్యాఖ్యలు చేశారు" అని రాసి ఊరుకుంటున్నారు. ఏమన్నారో ఉండదు. ఎవరికి కోపం వచ్చిందో, ఎక్కడ ధర్నా చేశారో మాత్రం వివరంగా ఉంటుంది. అన్న మాట కూడా అచ్చువేయండి, తప్పో ఒప్పో మేం చదువుకుని తేల్చుకుంటాం. ఈ ఉత్తరం పొడవైతే బ్రాడ్లా కథ కత్తిరించండి, ఈ పేరా మాత్రం ఉంచండి.

ఇట్లు,
మీ పాఠకురాలు