ప్లాంటు కంటే ముందు అందులో వేసేదాని సంగతి తేల్చండి

సంపాదకులకు,

మార్కెట్ వ్యర్థాలతో గ్యాస్ తయారుచేయాలన్న మాట నెల్లూరు జిల్లాలో తరచూ వినిపిస్తోంది. చేయాల్సిన పనే. అయితే ట్యాంకు, షెడ్డు, జనరేటర్ల మీద ఉన్న శ్రద్ధ రోజూ ట్యాంకులో ఏం వేస్తారన్న దానిమీద కనబడదు. ప్లాంటు చెడేది ఎక్కువగా అక్కడే.

పొదలకూరు నిమ్మ మార్కెట్‌నే తీసుకోండి. కుళ్లిన కాయలు ఊరికే వస్తున్నాయని ట్యాంకులో పోస్తే పని ఆగిపోతుంది. నిమ్మ తొక్కలోని నూనె, గ్యాస్‌లో మండే భాగమైన మీథేన్‌ను పుట్టించే సూక్ష్మజీవులకు విషం, పైగా రసం పులుపు. నిమ్మ వ్యర్థాన్ని ఎండబెట్టి కంపోస్టుకు పంపడమే మేలు. రొయ్యల తలలు, పెంకులదీ మరో రకం చిక్కు. నత్రజని ఎక్కువ కాబట్టి అమోనియా పేరుకుంటుంది, పెంకులు అడుగున చేరి ట్యాంకు చోటును తినేస్తాయి. కూరగాయలతో కలిపి కొద్దికొద్దిగా వేయవచ్చు గానీ వాటినే నమ్ముకోకూడదు. వరిగడ్డి ముక్కలు చేయకుండా వేస్తే పైకి తేలి అట్ట కడుతుంది.

రోజుకు టన్ను కూరగాయల వ్యర్థం, అంతే నీరు అనుకుందాం. ఈ జావ (స్లర్రీ) ట్యాంకులో 30 రోజులు నిలవాలంటే దానికే 60 ఘనపు మీటర్ల ట్యాంకు కావాలి. మొదట పేడ, నీరు సమంగా కలిపి నింపాలి. తొలి రోజుల గ్యాస్‌లో కార్బన్ డయాక్సైడ్, గాలి ఎక్కువ. దాన్ని బయటికి వదిలేయాలి, వెలిగించకూడదు. మంట నిలకడగా వచ్చాకే వ్యర్థం మొదలుపెట్టి, వారం వారం పెంచుకుంటూ పోవాలి. ప్రారంభోత్సవం నాడే పూర్తి లోడు వేస్తే ట్యాంకు పులుస్తుంది. పీహెచ్ (పులుపు పెరిగేకొద్దీ తగ్గే కొలత) 6.5 కిందికి దిగిందంటే వెంటనే వ్యర్థం ఆపి, పేడ నీళ్లు పోయాలి. సున్నం ఒక్కసారిగా గుమ్మరించకూడదు. అది కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చేసుకుంటే లోపలి ఒత్తిడి పడిపోయి గ్యాస్ డోము దెబ్బతినవచ్చు.

టన్ను కూరగాయలకు సుమారు 50 ఘనపు మీటర్ల గ్యాస్ వస్తుంది. వంటకు చూస్తే ఒక 19 కిలోల సిలిండర్ కంటే కాస్త ఎక్కువ. దీన్ని వాహనాలకు అమ్మాలంటే మీథేన్‌ను 90 శాతం దాటించి, 200 బార్లకు (మామూలు గాలి ఒత్తిడికి సుమారు 200 రెట్లకు) పైగా కంప్రెస్ చేయాలి. ఇంత చిన్న ప్లాంటుకు ఆ యంత్రాల ఖర్చు గిట్టదు. పక్కనున్న సంక్షేమ హాస్టల్ వంటశాలకు పైపు వేయడమే తెలివైన పని. ఆ పైపు మీద లోపల చేరే నీటిని వదిలే వాల్వు, లోహాన్ని తినేసే హైడ్రోజన్ సల్ఫైడ్‌ను పట్టే తుప్పు ఇనుప రజను ఫిల్టరు తప్పనిసరి. లేకుంటే బర్నర్లు తుప్పు పట్టి పాడవుతాయి.

ఇంకో సంగతి. రోజుకు రెండు టన్నుల స్లర్రీ బయటికి వస్తుంది. అది ఏ పొలాలకు, ఏ ట్యాంకర్‌లో వెళ్తుందో ముందే రాసుకోకపోతే పక్క కాలువలోకే పోతుంది.

కాబట్టి మున్సిపల్, పంచాయతీ అధికారులను కోరేది ఇది: తడి చెత్తను మార్కెట్‌లోనే వేరు చేయించండి, ప్లాస్టిక్ కవరు ఒక్కటి కూడా రాకూడదు. ఏడాది పొడవునా ఇద్దరు శిక్షణ పొందిన మనుషుల జీతం ఒప్పందంలో పెట్టండి. వేసిన కిలోలు, వచ్చిన గ్యాస్, పీహెచ్ రోజూ గేటు దగ్గర బోర్డు మీద రాయించండి.

– ఒక పాఠకుడు, పొదలకూరు