అజొల్లా నాచు కాదు

సంపాదకులకు నమస్కారం.

గత వారం మీ వ్యవసాయ పేజీలో పాడి పశువుల మేతపై వచ్చిన వ్యాసంలో, నీటిపై తేలుతూ పెరిగే మేత మొక్క అజొల్లాను మూడుచోట్ల 'నాచు' అని రాశారు. 31 ఏళ్లు ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నాను గానీ, ఎర్ర పెన్ను అలవాటు పోలేదు.

మా పెరట్లో సిమెంటు గోలెంలో అజొల్లా పెంచుతున్నాను. నాచును చేత్తో ఎత్తితే దారాల్లా వేళ్లకు చుట్టుకుని జారిపోతుంది. అజొల్లాను ఒక్కదాన్ని వేలికొన మీద నిలిపి చూడండి. బొటనవేలి గోరంత మొక్క. సన్నని కాండం, దానిమీద పెంకుల్లా ఒకదాన్నొకటి కప్పుకున్న ఆకులు, కింద వేలాడే వేర్లు. కాండం లోపల నీటిని మోసే దారువు, ఆహారాన్ని మోసే పోషక కణజాలం ఉంటాయి. నాచుకు ఇవేవీ లేవు. అజొల్లా ఫెర్న్ జాతి మొక్క. మా నూతి గోడ ఇటుకల సందుల్లో మొలిచే ఫెర్న్‌కు చుట్టం. ఆ గోడ మొక్క ఆకుల వెనుక గోధుమరంగు చుక్కలు చూసి తెగులు పట్టిందని మా మనవడు మందు కొట్టబోయాడు. అవి సిద్ధబీజాల సంచులు, గింజలకు బదులు ఫెర్న్‌లు వదిలే సన్నని పొడి వాటిలో ఉంటుంది. ఫెర్న్‌లు పూయవు, కాయవు, గింజ కట్టవు.

నాచు అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించగలను. అజొల్లా ఆకులోని చిన్న అరలో అనబీనా కాపురం ఉంటుంది. నీలి ఆకుపచ్చ నాచు అంటారు గానీ అదీ నిజానికి బాక్టీరియానే. గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇచ్చేది అదే. అందుకే అజొల్లా మడికి యూరియా అక్కరలేదు. పేడనీళ్లతోపాటు కాస్త సూపర్ ఫాస్ఫేట్ కావాలి. భాస్వరం చాలకపోతే ఆకులు ఎర్రబడతాయి. మీ వ్యాసం ఈ ముక్క వదిలేసి పోషక విలువల పట్టికతో సగం పేజీ నింపింది.

మాట తేడాకు ఇంత రాద్ధాంతం ఎందుకంటే, మా పక్కింటి రైతు సంతలో 'అజొల్లా విత్తనాలు' అని ఒక పొట్లం కొన్నాడు. గొయ్యి తవ్వి, పట్టా పరిచి, జానెడు నీళ్లు పెట్టి చల్లాడు. పదిహేను రోజులు చూశాడు. నీళ్లలో ఏమీ రాలేదు. గట్టు మీద రాలిన గింజలు మాత్రం తోటకూరై మొలిచాయి.

అజొల్లాను ముక్కలతోనే పెంచుతారు. ప్రతి కొమ్మ చివరా ఒకే ఒక్క కణం ఆగకుండా విభజన చెందుతూ కొత్త ఆకులను, కొత్త కొమ్మలను పుట్టిస్తుంది. మొక్కను నాలుగుగా తుంచినా ప్రతి ముక్కకూ తన మొన తనకు ఉంటుంది. మా జిల్లా వాళ్లకు దీన్ని కొబ్బరితో పోల్చి చెబితే వెంటనే అర్థమవుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం తోటలను ఊచకోత కోసినప్పుడు, తల విరిగిన కొబ్బరి ఒక్కటీ మళ్లీ చిగురించలేదు. దానికి పెరిగే మొన ఒక్కటే, అది మొవ్వులో ఉంటుంది. మొదలు మిగిలిన జీడిమామిడి మాత్రం పక్కనుంచి చిగుళ్లు వేసింది.

వచ్చే సంచికలో ఒక చిన్న సవరణ వేయండి: అజొల్లా నాచు కాదు, దానికి విత్తనాలు ఉండవు, విత్తనాలని అమ్మితే కొనవద్దు. మూడు వాక్యాలు చాలు.

పక్కింటి రైతుకు నా గోలెంలోంచి రెండు గుప్పిళ్లు ఇచ్చాను. ఇప్పుడు ఆయన గొయ్యి నిండుగా పచ్చగా ఉంది. ఆవు మొదటి రోజు వాసన చూసి మూతి తిప్పుకుంది. పేడవాసన పోయేదాకా కడిగి తవుడులో కలిపి పెట్టమన్నాను. తింటోంది.

విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయిని,
నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా