జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం. గర్భిణులకి ఒక రక్తపరీక్ష ఉచితంగా చేయించమని పెట్టిన అర్జీలకు జవాబు రాలేదు కాబట్టి నలుగురి ముందు అడుగుతున్నాను.

మా అక్కది మేనరికం. బాబుకి తలసీమియా మేజర్, అంటే ఒంట్లో రక్తం సరిగ్గా తయారవని, తల్లిదండ్రుల నుంచి వచ్చే జబ్బు. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, నరం దొరక్క నర్సు చెయ్యంతా తడుముతుంటే వాడు ఏడవకుండా మొహం పక్కకి తిప్పుకుంటాడు, ఎక్కించేకొద్దీ ఒంట్లో ఐరన్ పేరుకుంటుంది, దానికి మళ్లీ రోజూ మందులు. భార్యాభర్తలిద్దరూ క్యారియర్లయితే, అంటే జబ్బు లేకపోయినా ఇద్దరిలోనూ దాని జన్యువు ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం 25 శాతం, మేనరికాల్లో అలా కలిసే అవకాశం ఎక్కువ. క్యారియర్లు పైకి ఆరోగ్యంగానే ఉంటారు, హెచ్‌బీఏ2 రక్తపరీక్షలోనే తెలుస్తుంది. మేనరికం చేసుకున్నవాళ్లని తిడితే ఒరిగేదేం లేదండీ.

గర్భిణుల పేర్లు నమోదు చేసేటప్పుడే ఆ పరీక్ష మన ఏరియా ఆసుపత్రిలో ఉచితంగా చేయించండి. ఇద్దరూ క్యారియర్లని తేలితే మూడో నెలలోనే కడుపులో బిడ్డకి పరీక్ష చేసేచోటుకి పంపించండి. ఎప్పుడు మొదలుపెడతారో రాతపూర్వకంగా చెప్పండి.