పాత మసీదులకు సిమెంట్ పూయొద్దు

సంపాదకులకు,

హైదరాబాద్‌లో ఇరాన్ కళ చూడదలచినవారు మక్కా మసీదుతో ఆగిపోకుండా మొహర్రం సంతాప మందిరమైన బాద్‌షాహీ అషుర్‌ఖానాకూ వెళ్లాలి. అక్కడి గోడలపై 1611 నాటి పెంకుపని, అంటే రంగు పలకల అలంకరణ ఉంది. అవి బొమ్మలు వేసిన పలకలు కావు. ఒక్కో రంగు పలకను విడిగా కాల్చి, ముక్కలు కోసి, ఆకు పక్కన ఆకుగా అతికించారు. దగ్గరికెళ్తే అతుకు గీతలు తెలుస్తాయి. 1908 మూసీ వరదకు కింది భాగం బాగా దెబ్బతింది. చేత్తో మాత్రం తాకొద్దు. ఏ మసీదుకైనా నమాజు వేళలు, ముఖ్యంగా శుక్రవారం మధ్యాహ్నం, తప్పించి వెళ్లండి.

కార్వాన్‌లోని టోలీ మసీదు (1671) గచ్చు నగిషీ, అంటే సున్నపు పూతపై చెక్కిన అలంకరణ, ఇంకా అద్భుతం. ఇలాంటి సున్నపు గోడలకు సిమెంట్ పూస్తే లోపలి చెమ్మ బయటికి రాదు. అందులోని ఉప్పు పూత వెనక పేరుకుని నగిషీని పెచ్చులుగా ఊడగొడుతుంది. ఆయిల్ పెయింట్‌తోనూ అదే చేటు. ముందు పైకప్పు కారడం ఆపాలి. ఆ తర్వాత బాగా నానిన సున్నంలో ఇసుక కలిపి, గోడ తడిపి, పలుచటి పొరలుగా పూయాలి. తడి గోనెలు కప్పకపోతే త్వరగా ఆరి బీటలిస్తుంది. మసీదు కమిటీలు పని ఒప్పందంలోనే సిమెంట్ వాడరాదని రాయించుకోవాలి.

– ఒక పాఠకుడు, హైదరాబాద్